కార్తీకంలో కలిసే మూడు సభలు

దీపావళి వెళ్లిన తర్వాత వనపర్తి జిల్లా అమరచింతలో నలుగురు కూడిన చోటల్లా కురుమూర్తి స్వామి మాటే. జాతర దగ్గర పడింది. ఇక్కడి చేనేతల పట్టువస్త్రాలు స్వామికి వెళ్తాయి. ఆత్మకూరులో భద్రపరిచిన నగలు ఊరేగింపుగా కదులుతాయి. చిన్నవడ్డెమాన్‌లో తయారైన ఉద్దాలు, అంటే స్వామివారి పాదుకలు, డప్పుల మోతల మధ్య గుట్ట చేరతాయి. దారి పొడవునా చెక్కభజనలు, కోలాటాలు, గోవింద నామాలు. ఆ గుంపులో ఎప్పుడూ పుస్తకం పట్టనివాళ్లు వేలమంది ఉంటారు. స్వామి కాలినడకన వచ్చి ఈ గుట్టమీద ఎందుకు నిలిచిపోయాడో చెప్పలేనివాళ్లు మాత్రం అరుదు. ఆ కథ వాళ్లకు పాటలో అందింది, అవ్వ నోట అందింది.

అదే నెలలో నవంబర్ 14 నుంచి 20 దాకా దేశమంతటా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. జిల్లా కేంద్రాల్లో, శాఖా గ్రంథాలయాల్లో బ్యానరు కడతారు. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, పాటలు, ముగ్గులు, క్విజ్ పోటీలు పెడతారు. కవి సమ్మేళనం ఉంటుంది. చివరి రోజు బహుమతులు పంచుతారు. దీపావళి అమావాస్య అక్టోబర్ నడుమ నుంచి నవంబర్ నడుమ దాకా ఎప్పుడు వచ్చినా, ఈ వారంలో ఎంతో కొంత కార్తీకంలో పడక తప్పదు. అంటే పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా) నేలమీద జాతర, గ్రంథాలయ వారోత్సవం ఒకే నెల బిడ్డలు. అయినా ఒకదానికి ఒకటి తెలియనట్టే గడిచిపోతాయి.

వీటికంటే ముందు ఈ కార్తీకానికి ఇంకొక సభ ఉండేది. కథ అక్కడినుంచి మొదలుపెట్టాలి.

నేటి వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాలున్న నేల నిజాం కాలంలో సంస్థానాల నేల. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత. కృష్ణ, తుంగభద్రల నడుమా వాటి ఒడ్డునా ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉన్న చిన్న రాజ్యాలు. అమరచింత సంస్థానానికి పేరు అమరచింతదే అయినా రాజులు ఉన్నది ఆత్మకూరులో.  ఈ సంస్థానాలకు పేరు తెచ్చింది పండితుల కొలువు. గద్వాలను ‘విద్వద్గద్వాల’ అని పిలిచేవారు. అక్కడ కార్తీక, మాఘ మాసాల్లో సాహిత్య సభలు జరిగేవి. దూరదూరాల నుంచి కవులు, శాస్త్ర పండితులు వచ్చేవారు. పరీక్షలు, వాదాలు, ఆశుకవిత్వం, అవధానాలు, చివరికి సంభావన. కొందరికి ఏటేటా అందే వార్షికాలు. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి కొలువుల్లో తమ అవధాన విద్య చూపినవారే. మరుగునపడిన కావ్యాలను వెలికితీసిన మానవల్లి రామకృష్ణకవి కొంతకాలం వనపర్తి సంస్థానంలో పనిచేశారు. నన్నెచోడుడి ‘కుమారసంభవం’ 1909లో తెలుగువాళ్ల చేతికి వచ్చింది ఆయన వల్లే. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు స్వయంగా ‘చంద్రికా పరిణయం’ రాసిన కవి.

ఈ కొలువుల గురించి చెప్పేటప్పుడు గర్వం సహజం. ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ సభలో కూర్చున్నది ఎవరు? అమరచింత గుంటమగ్గంలో కాళ్లు పెట్టి నాడె విసిరే నేతగాడు కాదు. అతని భార్య కాదు. కండెలు చుట్టే పిల్ల అసలే కాదు. వాళ్ల పన్నుల మీద సభ సాగేది, పద్యం మాత్రం వాళ్ల దాకా వచ్చేది కాదు. వాళ్ల సాహిత్యం వేరేచోట ఉండేది. ఊరి నడుమ రాత్రంతా ఆడే వీధి భాగవతంలో, శారద కథలో, హరికథలో, భజన గుడి అరుగుమీద.

సంస్థానం కొలువుకూ ఊరి అరుగుకూ మధ్య వంతెన కట్టిన మొదటి సంస్థ గ్రంథాలయం. అది పుస్తకాల గదిగా కాక సభాస్థలంగా పుట్టింది.

1901 సెప్టెంబర్ 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు ముందు నిలిచారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చాయి. ఉర్దూ పాలకభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పుస్తకాలకు ఒక గది దొరకడమే పెద్ద సంగతి. ఆ గదిలో నలుగురు కూర్చుని తెలుగులో మాట్లాడుకోవడం అంతకంటే పెద్ద సంగతి.

ఆ మాట ఎంత అవసరమో 1921 నవంబర్‌లో తేటతెల్లమైంది. హైదరాబాదు వివేకవర్ధని థియేటర్లో సంఘసంస్కర్త కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరుగుతోంది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషుల్లో ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి, గోల చేసి దించేశారు. అక్కడున్న తెలుగువాళ్లు ఆ రాత్రే కూర్చుని ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. ఆ సంఘం పెట్టుకున్న పనుల్లో గ్రంథాలయాలు, పఠన మందిరాలు నెలకొల్పడం, తాళపత్రాలు, శాసనాలు సేకరించడం ఉన్నాయి. అవమానానికి జవాబుగా ఊరూరా పుస్తకాల గది తెరవాలనుకున్న తరం అది.

గది తెరవడం తేలిక కాదు. ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు కింద ముందుగా అనుమతి లేనిదే సభ జరపకూడదు. ఇలాంటి కట్టుబాటులో గ్రంథాలయ వార్షికోత్సవం ఒక వెసులుబాటు అయింది. దాని పేరుమీద పద్యాలు చదవవచ్చు, పాటలు పాడవచ్చు, దూరపు ఊరినుంచి వచ్చిన పెద్దమనిషి నాలుగు మాటలు చెప్పవచ్చు. పత్రిక ఒక్కటే వచ్చినా సరే, చదువు వచ్చినవాడు గట్టిగా చదివితే పదిమంది చుట్టూ కూర్చుని వినవచ్చు. తెలంగాణలో పఠన మందిరం అనే మాటకు మౌనంగా చదువుకునే చోటు అన్న ఒక్క అర్థమే ఏనాడూ లేదు. అది వినే చోటు కూడా.

1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి అచ్చేసిన పుస్తకాలు తలకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మారు. తీరాంధ్రలో 1935లో పాతూరి నాగభూషణం కాలువ మీద పుస్తకాల పడవ నడిపించారు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు సాగించిన గ్రంథాలయ యాత్రల్లో పుస్తకాలతో పాటు భజనలు కూడా కదిలేవి. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనానికి 1929లో గాంధీజీ వచ్చి శంకుస్థాపన చేశారు. నిజాం హద్దుకు అటూ ఇటూ అందరి పద్ధతీ ఒక్కటే. జనం దగ్గరకు పుస్తకం ఒంటరిగా వెళ్లకూడదు, పాటను వెంటబెట్టుకుని వెళ్లాలి.

ఈ ఉద్యమం నుంచి పాలమూరు నేల కన్న పెద్ద పేరు సురవరం ప్రతాపరెడ్డి. 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. సొంతూరు ఇటికాలపాడు. రెండూ గద్వాల ప్రాంతపు ఊళ్లే. 1926 మే 10న ఆయన సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్నట్టు ఒకరు రాస్తే ఆయన కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరికీ విన్నపం పంపి పద్యాలు రప్పించారు. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చయింది. ఆ సంచికను పుస్తకమని మాత్రమే అనడం చాలదు. సంస్థాన పండితుడు, పల్లె పంతులు, పేరులేని పద్యకర్త ఒకే చాపమీద కూర్చున్న సభ అది.

1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఆయన చూపును ఇంకా బాగా పట్టిస్తుంది. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ జాతరకు వెళ్లారు, ఏ పాట పాడుకున్నారు అన్నదే చరిత్రగా రాశారు. కావ్యాల్లో దాక్కున్న గోలీలాట, కోడిపందెం, తోలుబొమ్మలాట కూడా ఆధారాలే అయ్యాయి. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారం ఈ పుస్తకానికే దక్కింది. ఈ జిల్లాల్లో ఏ గ్రంథాలయంలోనైనా ఆయన చిత్రపటం ఉండటం న్యాయమే. దాని కింద ఒక తోలుబొమ్మ వేలాడితే ఆయన ఇంకా సంతోషించేవారు.

ఆయన కన్నుమూసిన ఏడాదే, జనవరిలో, అలంపురంలో ఇంకొక సభ జరిగింది. ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షికోత్సవాలు. అప్పటికి అలంపురం, గద్వాల తాలూకాలు రాయచూరు జిల్లాలో ఉన్నాయి. మహబూబ్‌నగర్‌లో కలిసింది 1956లో. తుంగభద్ర ఒడ్డున, నవబ్రహ్మ ఆలయాల పక్కన ఉన్న ఆ చిన్న ఊరికి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. శ్రీశ్రీ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. ఏర్పాట్ల భారం మోసింది అలంపురం పండితుడు గడియారం రామకృష్ణశర్మ. తర్వాతి కాలంలో ఆయన ఆత్మకథ ‘శతపత్రము’కు సాహిత్య అకాడమీ గుర్తింపు వచ్చింది. రాజులు వెళ్లిపోయిన కొన్నేళ్లకే, రాజు లేకుండా, ఊరివాళ్ల పూనికతో సాహిత్య సభ ఎంత బాగా జరుగుతుందో ఆ మూడు రోజులు చూపించాయి. కాళోజీది పండితుల భాష కాదు, పలుకుబడుల భాష. సంస్థాన కవిత్వం రాజ్యమేలిన నేలమీద ఆ పుస్తకం విడుదల కావడంలో ఒక అందం ఉంది.

ఆ తర్వాత గ్రంథాలయం ప్రభుత్వ శాఖ అయింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం పౌర గ్రంథాలయాల చట్టం తెచ్చింది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. తెలంగాణ నేటికీ దాని దారిలోనే నడుస్తోంది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఉంటుంది. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు అదనంగా కలుస్తుంది. ఇంటిమీద 1,000 రూపాయల పన్ను కట్టే కుటుంబం దానిపై ఇంకో 80 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నట్టు లెక్క. పంచాయతీ, మున్సిపాలిటీ ఆ సొమ్ము వసూలు చేసి జిల్లా సంస్థకు జమచేయాలి. ఈ జమ ఆలస్యమై బకాయిలు పేరుకుపోవడం చాలా జిల్లాల్లో పాత మొరే. చట్టం వల్ల జీతాలు, అద్దెలు, పుస్తకాల కొనుగోలు నిలబడ్డాయి. అది చిన్న మేలు కాదు. పోయిందల్లా వార్షికోత్సవం నాటి సందడి. 2016 అక్టోబర్ 11న జిల్లాలు చీలాక వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాలకు వేరువేరు గ్రంథాలయ సంస్థలు ఏర్పడ్డాయి. అంటే తమ కార్యక్రమాలను తామే తీర్చుకునే వీలు ఈ నేలకు మూడింతలైంది.

ఇప్పుడు ఏ జిల్లా గ్రంథాలయంలోకి అడుగుపెట్టినా ముందు కనిపించేది పోటీ పరీక్షల యువత. గ్రూప్స్, పోలీసు ఉద్యోగాలు, డీఎస్సీ. ఉదయాన్నే వచ్చి కుర్చీ పట్టుకుని, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, చీకటి పడేదాకా చదువుతారు. వలస కూలీల ఇళ్లనుంచి వచ్చిన పిల్లలకు ఇంట్లో ఒక మూల, ఒక లైటు, ఒక ఫ్యాను ఉంటాయన్న భరోసా లేదు. గ్రంథాలయమే వాళ్ల చదువు గది. ఆ నిశ్శబ్దాన్ని పాడుచేసే హక్కు ఎవరికీ లేదు. పాలమూరు తట్టాబుట్టా సర్దుకుని బొంబాయి, పుణె వెళ్లిన తరాల తర్వాత, అదే ఇంటి బిడ్డ ఆ కుర్చీలో కూర్చున్నాడంటే అది గ్రంథాలయ ఉద్యమం కన్న కలల్లో ఒకటి.

కలలు ఇంకా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ అక్షరాస్యత 66.54 శాతం. నేటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో అది 49.87 శాతం, రాష్ట్రంలో అందరికంటే తక్కువ. ఆ తర్వాత అంకె కొంత పెరిగే ఉంటుంది. అయినా లెక్క సూటిగా చెబుతోంది. పుస్తకం మాత్రమే ఇచ్చే గ్రంథాలయం ఈ ప్రాంతంలో ఇంచుమించు సగంమందికి తలుపు మూసినట్టే. సెస్సు మాత్రం వాళ్ల ఇంటిమీద కూడా పడుతుంది.

చదువు రాని ఆ సగంమంది ఖాళీ చేతులతో లేరు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలకుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగల సాయన్న కథ, మియాసాబ్ కథ పాడతారు. వెదురు కర్ర, ఎండిన సొరకాయ బుర్రలు, తీగ. మెట్టుకొక స్వరం. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ జిల్లాల పొరుగున నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ దక్కింది. ఈ ఇద్దరి గొంతులో ఉన్న కథల్లో ఎక్కువ భాగం ఏ అలమరాలోనూ లేదు. పెద్దవాళ్లను కొట్టి పేదవాళ్లకు పెట్టిన సాయన్న కథ పాలమూరులో తరతరాలుగా నోటినుంచి నోటికి నడిచింది. పాడేవాళ్లు పోతే కథ పోతుంది.

ఇలాంటి వాద్యాలు, పాటలు వెలుగులోకి రావడం వెనక జయధీర్ తిరుమలరావు, పాలమూరు విశ్వవిద్యాలయానికి చెందిన గూడూరు మనోజ వంటి పరిశోధకుల ఏళ్లతరబడి తిరుగుడు ఉంది. ఊరూరా వెళ్లి, కళాకారుడి ఇంటి ముందు కూర్చుని, విని, రికార్డు చేసి, వాద్యాలను సేకరించారు. నాగర్‌కర్నూల్‌కు చెందిన కపిలవాయి లింగమూర్తి జీవితమంతా స్థలపురాణాలు, ఆలయ చరిత్రలు, జానపద సంగతులు పోగుచేశారు. వీళ్లు చేసిన పనికి గ్రంథాలయం సహజమైన ఇల్లు. తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాటలు రాష్ట్రమంతా పాడుకుంటోంది. ఆ పాటల వెనక ఏ యక్షగానాలు, ఏ తత్వాలు ఉన్నాయో వినాలనుకునే పిల్లవాడికి మండల కేంద్రంలో ఒక హెడ్‌ఫోన్, ఒక కంప్యూటర్, ఒక కుర్చీ చాలు.

ఇది కొత్త కోరికేమీ కాదు. పౌర గ్రంథాలయాలపై యునెస్కో వెలువరించిన ప్రకటన ఉంది. మొదట 1949లో వచ్చింది. తర్వాత మూడుసార్లు సవరించారు, చివరగా 2022లో. 1994 నాటి పాఠంలో గ్రంథాలయం చేయవలసిన పనులు రాస్తూ ప్రదర్శన కళలను జనానికి అందుబాటులో ఉంచాలని, మౌఖిక సంప్రదాయానికి అండగా నిలవాలని స్పష్టంగా చేర్చారు. గూడెంలో కిన్నెర పాట కూడా గ్రంథపాలకుడి బాధ్యత కిందికే వస్తుందన్నమాట.

కేరళ ఈ పనిని ఎలా చేసిందో చూస్తే ఆశ పుడుతుంది. 1945లో అంబలప్పుళలో పి.ఎన్. పణిక్కర్ 47 గ్రంథాలయాలను కూడగట్టి సంఘం పెట్టారు. ఈనాడు అక్కడ గ్రామ గ్రంథాలయాలను చాలావరకు ఊరివాళ్లే నడుపుతారు, రాష్ట్ర గ్రంథాలయ మండలి గ్రాంటు ఇస్తుంది. గ్రంథాలయానికి అనుబంధంగా పిల్లల వేదిక, మహిళల వేదిక ఉంటాయి. నాటకం, పాట, చర్చ వాటి దినచర్యలో భాగం. ఏడాదిలో ఎన్ని కార్యక్రమాలు చేశారన్నది గ్రంథాలయం స్థాయిని నిర్ణయించేటప్పుడు లెక్కకు వస్తుంది. అసలు కిటుకు అదే. పాట పెట్టడం గ్రంథపాలకుడి దయమీద ఆధారపడకుండా, పని లెక్కలోకి ఎక్కింది.

సముద్రాల అవతల ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. న్యూయార్క్ నగరంలో నల్లజాతివారి పేట హార్లెమ్. అక్కడ 135వ వీధిలో ఒక పౌర గ్రంథాలయ శాఖ. నగరంలో పెద్ద రంగస్థలాలు నల్లవాళ్లకు గౌరవమైన పాత్రలు ఇవ్వని రోజులు. 1926లో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. దుబోయ్ ప్రోద్బలంతో ఏర్పడిన క్రిగ్వా నాటక బృందం ఆ గ్రంథాలయం నేలమాళిగలో ఆడింది. 1940లో అమెరికన్ నీగ్రో థియేటర్ అదే నేలమాళిగలో స్థిరపడింది. నటన నేర్పమని వచ్చిన ఒక కుర్రవాడు ఫీజు కట్టలేక, బదులుగా ఊడ్చి తుడిచే పని చేస్తానన్నాడు. అతను సిడ్నీ పోయిటియర్. తర్వాత ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటుడు. గాయకుడు, నటుడు హ్యారీ బెలఫాంటే కూడా ఆ బృందంలో ఎదిగినవాడే. పైన జనం నిశ్శబ్దంగా చదువుకుంటుంటే కింద నాటకం సాగింది. ఒకదానికి ఒకటి అడ్డు రాలేదు.

2018 డిసెంబర్‌లో హెల్సింకీలో తెరిచిన ఊడి గ్రంథాలయంలో సంగీతం రికార్డు చేసుకునే గదులు, కుట్టుమిషన్లు కూడా ఉన్నాయి. ధనిక నగరం కాబట్టి అంత హంగు. వనపర్తి జిల్లాకు అంత అక్కర్లేదు. ఇక్కడ అరుగు చాలు.

అరుగు అనడంలో అతిశయం లేదు. చదువుకునే హాలు తలుపు మూసి, ముందున్న వరండాలో లేదా ఆవరణలో ఆదివారం సాయంత్రం రెండు గంటలు కేటాయిస్తే పరీక్షల పిల్లలకు ఇబ్బంది కలగదు. ఒక వారం చెక్కభజన బృందం. ఒక వారం అష్టావధానం. ఒక వారం బతుకమ్మ పాటలు, అదీ టేపులో కాకుండా, నోటు పుస్తకంలో పాటలు రాసుకున్న పెద్దమ్మలతో. ఒక వారం పిల్లలకు కథ గట్టిగా చదివి వినిపించడం. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాల పేరుతో పిల్లలకు కథలు, బొమ్మలు, ఆటలు నడుపుతున్నారు. అదే పద్ధతి తల్లిదండ్రులు వలస వెళ్లి అవ్వాతాతల దగ్గర మిగిలిన పాలమూరు పిల్లలకు వేసవిలోనే కాదు, ఏడాది పొడవునా అవసరం.

ఇందులో కళాకారుడికి ఇచ్చే పారితోషికం గురించి మొహమాటపడకూడదు. సంస్థానం రోజుల్లో పద్యానికి సంభావన ఉండేది, వార్షికం ఉండేది. కిన్నెర వాయించేవాడికి, శారదకాడికి మాత్రం ఊరివాళ్లు పెట్టిన గింజలే. గ్రంథాలయ సంస్థ తన బడ్జెట్‌లో ఈ పద్దు ఒకటి రాసుకుంటే, పద్యానికి దక్కిన మర్యాద పాటకూ దక్కుతుంది. దండ వేసి, శాలువా కప్పి, బస్సు చార్జీ కూడా ఇవ్వకుండా పంపడం మర్యాద కాదు.

అమరచింతకు ప్రత్యేకంగా ఇంకొకటి చేయవచ్చు. ఇది నేత ఊరు. పక్కనున్న గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. ఒంటినీ అంచునూ కలిపే నేత పద్ధతిని, అంచుల్లోని బొమ్మల పేర్లను, జరీ లెక్కలను పెద్ద నేతగాళ్లు కాగితం చూడకుండా చెబుతారు. మగ్గాలు తగ్గుతున్న కొద్దీ ఆ పేర్లు కూడా తగ్గుతాయి. పాత అంచుల ముక్కలు ఒక ఆల్బమ్‌లో అతికించి, పక్కన ఆ బొమ్మ పేరు, నేసినవారు చెప్పిన మాట రాసిపెడితే అది ఏ పుస్తకాల దుకాణంలోనూ దొరకని గ్రంథం. రాయడం బడిపిల్లల పని, చెప్పడం తాతల పని. నేసేటప్పుడు పాడుకునే పాటలు తెలిసినవాళ్లుంటే ఫోనులో రికార్డు చేయడానికి పది నిమిషాలు. ఇవన్నీ భద్రపరచడానికి ఒక బీరువా, చూపించడానికి ఒక బల్ల.

కేలండర్ కూడా సాయపడుతోంది. గద్వాల పండితసభలు కార్తీకంలో జరిగేవి. కురుమూర్తి జాతర కార్తీకంలో జరుగుతోంది. గ్రంథాలయ వారోత్సవం ఆ రోజుల్లోనే వచ్చిపడుతోంది. నవంబర్ 14న బాలల దినోత్సవం అయిపోగానే బ్యానరు కిందికి ముగ్గుల పోటీతో పాటు ఒక చెక్కభజన బృందాన్ని పిలవవచ్చు. జాతర బాటలో ఒక గుడారం వేసి, సురవరం వర్ణించిన జాతరల పేజీని గట్టిగా చదివి, ఆ వెంటనే ఉద్దాలు తయారుచేసిన ఇంటివాళ్లను పిలిచి వాళ్ల నోటితోనే ఆ కథ చెప్పించవచ్చు. వినడానికి జనం కోసం వెతకనక్కర్లేదు. ఆ దారిలో వాళ్లు ఎప్పటినుంచో నడుస్తూనే ఉన్నారు, చేతిలో చెక్కలతో, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని.